తుప్పు పట్టని కారు, అదీ ఒక కారేనా?

ఖరాఖండీగా చెబుతున్నాను, రాసి పెట్టుకోండి. తుప్పు అనేది పాత కార్లకి దేవుడిచ్చిన వరం! నవ్వకండి. నెల్లూరు సీమలో కోట అనే ఊరి నుంచి సముద్రం వైపు పోయే దారిలో కాపురం ఉంటున్నవాణ్ని, ఇరవై ఏళ్ళ నాటి తెల్ల కారుకి ఓనర్ని. తుప్పు గురించి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

కొత్త కారు కొన్నవాడి బతుకు చూడండి. గేటు గీసుకుంటే గుండె ఆగిపోతుంది. పిల్లి బానెట్టు ఎక్కితే పిల్లి మీదికి యుద్ధానికి పోతాడు. నా కారుకి మొన్న ఒక గేదె ఒళ్ళు రాసుకుని పోయింది. దాని దురద తీరింది, నాకేం పోయింది?

గాలి సంగతికొద్దాం. మీ ఏసీ గాలి మొహానికి కొడుతుంది. మా కారులో గాలి అరికాళ్ళ నుంచి వస్తుంది! ఏ కంపెనీ ఇచ్చింది ఈ ఫీచర్? కాళ్ళ దగ్గరున్న బొక్కలోంచి చూస్తే కింద ఉన్నది సిమెంటు రోడ్డా, తారు రోడ్డా, అసలు రోడ్డే లేదా అన్నది ఇట్టే తెలిసిపోతుంది. కృష్ణపట్నం పోర్టు బొగ్గు లారీల వెనక పోయేటప్పుడు మాత్రం నోరు మూసుకుని ఉండాలి, అంతే. వానొస్తే లోపలికొచ్చిన నీళ్ళు వాటంతటవే బయటికి పోతాయి. ఇంత మంచి డ్రైనేజీ మా వీధికే లేదు!

దొంగల భయమా? ఒకడు ప్రయత్నించాడు. తలుపు లాగితే హ్యాండిలు ఊడి చేతికొచ్చింది. పాపం, జాలిపడి దాన్ని బానెట్టు మీదే పెట్టి పోయాడు.

ఇంత సుఖం మా ఆవిడ వెంకటశేషమ్మకి పట్టలేదు. పోయిన వారం నెల్లూరు పోతుంటే ఆమె చెప్పు ఆ బొక్కలోంచి జారి రోడ్డు మీద పడింది. వెనకొస్తున్న ఆటోవాడు హారన్ కొట్టి, ఆపి మరీ తెచ్చిచ్చాడు.

“చెప్పు పడితే ఆటోవోడు తెచ్చినాడు. రేపు నేను పడితే ఎవురు తెస్తారయ్యా? ఆదివారం లోపల దీన్ని బాగు చేపిస్తే సరి. లేకుంటే పాత ఇనప సామాన్లోణ్ని పిలిచి ఉల్లిపాయలకి ఏసేస్తా!”

ఉల్లిపాయలకి! మా అమ్మాయి సుప్రియ పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న కారండీ ఇది!

తెల్లారగానే ఇద్దరం రూఫస్ టింకరింగ్ షెడ్డుకి పోయాం. రూఫస్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు కింద అంచుని స్క్రూడ్రైవరుతో పొడిచాడు. పెరుగన్నంలో స్పూను దిగినట్టు దిగింది.

“దీంట్లో కారు ఏడుండాదన్నా? ఉత్త పెయింటే ఉండాది!”

“పోయినేడు పట్టీ పెట్టించినా గదబ్బా.”

రూఫస్ ఆ పట్టీని పెకలించాడు. లోపల ముద్ద చేసి కుక్కిన న్యూస్‌పేపరు బయటపడింది.

“ఎవురన్నా ఈ పని చేసింది? వాడి చేతులు నరకాల!”

“నువ్వే గదబ్బా.”

రూఫస్ తడుముకోలేదు. “అట్ట చెప్పు! అందుకే ఏడాది నిలబడింది. ఈ తూరి కుళ్ళిందంతా కోసేసి, కొత్త రేకు పెట్టి వెల్డింగు కొడతా. పైన రెడ్ ఆక్సైడు, అడుగున తారు. నీకంటే ఎక్కువ కాలం బతకతాది చూడు. అవునూ, కారు దేంతో కడగతావు?”

“ఇంటి బోరు నీళ్ళే. రోజూ పొద్దున్నే, పసిబిడ్డకి పోసినట్టు పోస్తా.”

రేడియేటర్‌ కోసమని డిక్కీలో పెట్టుకున్న సీసాలో ఆ నీళ్ళే ఉన్నాయి. రూఫస్ ఒక గుక్క నోట్లో పోసుకుని తుపుక్కున ఊసేశాడు.

“ఇది బోరా, సముద్రమా? ఏముండాయన్నా మీ ఇంటి చుట్టూ?”

“రొయ్యల గుంటలు. ముందైతే వరి మళ్ళు.”

“ఈ నీళ్ళు తగిల్తే నా పనికి గ్యారంటీ లేదు. ఇనుమే తట్టుకోలేదన్నా!”

అంతదాకా స్టూలు మీద కూర్చున్న వెంకటశేషమ్మ లేచింది.

“ఏం నాయనా, ఈ నీళ్ళల్లో కందిపప్పు ఉడకదు. ఇనుము మాత్రం ఉడికిపోతాదా? తాగేదానికైతే క్యాను కొంటాం. వంటకీ, స్నానానికీ అన్నిటికీ ఈ నీళ్ళే. ఇనుముకి లేని గ్యారంటీ మాకు ఎన్నేళ్ళు ఇస్తావో చెప్పు!”

రూఫస్ ఆమె మొహం చూశాడు, నా మొహం చూశాడు, గ్రైండర్ ఆన్ చేశాడు.

కారు బాగుపడింది, ఉల్లిపాయలు మామూలుగా బజార్లోనే కొంటున్నాం. ఇప్పుడు నేను కారుని క్యాను నీళ్ళతో కడుగుతున్నాను. దానికి మంచినీళ్ళ స్నానం, మాకు ఉప్పునీళ్ళ స్నానం! మా నేలనీ, బోర్లనీ ఉప్పు చేసిన రొయ్యల గుంటలవాళ్ళని అడిగితే ఎగుమతులు, డాలర్లు, దేశానికి పేరు అంటారు. సర్కారు ఆఫీసులో అడిగితే నీళ్ళ శాంపిలు తెమ్మంటారు. ఎన్ని సీసాలు ఇచ్చామో! దాహమేసి తాగేశారో ఏమో, మళ్ళీ కబురు లేదు.

అందుకే తుప్పు వరం అంటున్నాను. రేకు మీద కాబట్టి కనపడింది, షెడ్డుకి తోలుకుపోయాం, కుళ్ళిన చోట కోసి అతికించారు. కుళ్ళిన నేలని కూడా ఇట్టాగే కోసి కొత్తది అతికే షెడ్డు మీకు తెలిసినచోట ఎక్కడైనా ఉందా? ఉంటే కింద కామెంట్లో అడ్రసు పెట్టండి. బిందెలతో సహా మా ఊరంతా బయల్దేరడానికి రెడీ!