పంటినొప్పికి తొంభై ఎనిమిది మార్కులు

మూడు రోజుల శిక్షణకు రెండు చొక్కాలు చాలంటే భార్య వినలేదు. నాలుగు పెట్టింది. చలేస్తుందేమోనని స్వెటరు, వానొస్తుందేమోనని గొడుగు, ఎందుకైనా మంచిదని ఇంకో తువ్వాలు. ఇంట్లోంచి ఎవరు ఊరికి బయల్దేరినా ఆమెకు గుండెల్లో రాయి పడేది. సంచి నిండేకొద్దీ కాస్త కుదుటపడేది.

"పంటినొప్పి మాత్రలు పెట్టావా?" అన్నాడు భర్త.

"అవి పెట్టకుండా ఉంటానా?" అంది. తేదీ దాటిందేమో చూద్దామని వాటిని మళ్ళీ పైకి తీసి, కిటికీలో వదిలేసిన సంగతి ఆమెకే గుర్తులేదు.

అతను పార్సిల్ గోడౌనులో తూకం గుమాస్తా. పాతికేళ్ళు లారీల రొద మీదుగా అరిచి అరిచి గొంతు అలాగే ఉండిపోయింది. అందరూ అతన్ని మైకు అనేవారు. ఇప్పుడు తూచడం, చీటీ అంటించడం, దారి చూపించడం అన్నీ యంత్రమే చేస్తోంది. మిగిలే మనుషులకు మృదువుగా మాట్లాడడం రావాలని, రానివాళ్ళ పేర్లు కొట్టేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. ఈ శిక్షణ అందుకే. మైకుకు రానిది అదొక్కటే.

బస్సు దాకా సంచి మోసినవాడు ఆమె తమ్ముడు. తల్లి పోయాక అక్క చేతుల్లో పెరిగాడు. ఉండేది అక్కింట్లో, బరువులెత్తేది బావ గోడౌనులో.

"బావా, అక్కడ నోరు తెరవకు. తెరిచావో, ఉద్యోగం గోవిందా!"

"నువ్వు నోర్ముయ్యరా వెధవా! సంచి నేలకు రాస్తున్నావ్!"

బస్సులో ఇద్దరు పిల్లలు నిద్రలోంచి లేచి ఏడ్చారు. తమ్ముడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. బావ తిట్టని రోజు వాడికి పనిలో చెయ్యాడేది కాదు.

బస్సు దిగేసరికి మైకుకు దవడ వాచిపోయింది. సంచి మూడుసార్లు బోర్లించాడు. మూడుసార్లూ గొడుగే చేతికొచ్చింది.

శిక్షణ హాల్లో ఒక తెర ఉంది. మనిషి ముఖం చూసి, గొంతు విని మార్కులు వేస్తుంది. "ఎదురుగా ఉన్నాయనకు ఉద్యోగం పోయిందని చెప్పాలి. ఏదీ, చెప్పండి," అంది శిక్షకురాలు. మైకు నోరు తెరిచాడు. పంటికి గాలి తగిలి ప్రాణం పోయినంత పనైంది. నోరు మూసి, చెంప మీద చెయ్యేసుకున్నాడు. ఎదుటివాడు ఏదో అడిగితే మెల్లగా తలాడించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరికి, "ఏం చెప్పమంటారండీ..." అని గుసగుసగా అన్నాడు.

తెర పచ్చబడింది. తొంభై ఎనిమిది.

"చూశారా!" అంది శిక్షకురాలు. "ఎంత ఓపిగ్గా విన్నారు! ఆ చెయ్యి చూడండి. ఆ కన్నీళ్ళు చూడండి!"

"పంటినొప్పండీ..."

"ఎంత వినయం!"

మూడో రోజుకల్లా హాల్లో నలభై మందీ చెంప మీద చెయ్యేసుకునే మాట్లాడుతున్నారు.

ఇంటికొచ్చి పన్ను పీకించుకున్నాడు. అద్దం కట్టిన ప్రశంసాపత్రాన్ని తమ్ముడే గోడకు కొట్టి, "అక్కా, బావకి మృదుభాషి అని బిరుదొచ్చింది! యంత్రానికి చెవుడులా ఉంది," అన్నాడు. ఉద్యోగం నిలబడిందని అక్క ఆ అద్దాన్ని రోజుకు రెండుసార్లు తుడిచింది.

వారం తిరక్కుండా మేనేజరు పిలిచాడు. బరువులెత్తే యంత్రం కూడా వస్తోందట. ముప్పై మందిని తీసేస్తున్నారట.

"వాళ్ళకు చెప్పడానికి మీకంటే తగినవాళ్ళెవరున్నారు?"

"సార్, అది పంటినొప్పి సార్. ఆ పన్ను కూడా పీకించేశాను."

"యంత్రం పొరపాటు పడుతుందా? మీరు చెబుతుంటే అది మార్కులు వేస్తూనే ఉంటుంది. తగ్గాయనుకోండి, ముప్పై ఒకటో పేరు మీదే."

పట్టీలో పదిహేడో పేరు తమ్ముడిది.

గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, తెర. తమ్ముడు తలుపు తోసుకుని వచ్చాడు. "ఏంటి బావా, దొరలా కూర్చున్నావ్!"

మైకు తెర వంక చూశాడు. అతని చెయ్యి తనంతట తానే చెంప మీదికి వెళ్ళింది. పన్ను లేని చోటికి.

"కూర్చోండి," అన్నాడు మెల్లగా.

తన వెనక ఇంకెవరో వచ్చారనుకుని తమ్ముడు తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"మీరు ఇన్నేళ్ళూ ఎంతో కష్టపడ్డారు. మీ బాధ నాకు అర్థమవుతుంది..."

చెప్పాల్సిందంతా అయ్యేదాకా తమ్ముడు కదలకుండా విన్నాడు. తర్వాత లేచాడు.

"ఒరేయ్ పోరా, రేపట్నుంచి రాకురా అని అరిచుంటే, సాయంత్రం ఇంటికొచ్చి నీ పక్కనే భోజనానికి కూర్చునేవాణ్ణి బావా. నన్ను 'మీరు' అన్నావు."

ఈసారి తొంభై తొమ్మిది.

రేవు పట్నంలో ఇంకా మనుషులే బరువులెత్తుతున్నారని ఎవరో చెప్పారు. అక్క అదే సంచి తీసి సర్దింది. నాలుగు చొక్కాలు, స్వెటరు, గొడుగు.

"నా పళ్ళకేం రోగమక్కా?" అన్నాడు తమ్ముడు, మాత్రలు చూసి.

"ఉండనీ. ఎందుకైనా మంచిది."

బస్సు కదులుతుంటే మైకు "ఒరేయ్!" అని అరవబోయాడు. పైకి గుసగుసే వచ్చింది. ఆ రొదలో తమ్ముడికి వినబడలేదు. బస్సులో పిల్లలెవరూ నిద్ర లేవలేదు.

రెండు నెలలు తమ్ముడు అక్కకు ఫోను చేశాడు. బావకిస్తానంటే, పనుందని పెట్టేసేవాడు. ఆ తర్వాత వీళ్ళు చేస్తే, ఆ నంబరు వాడుకలో లేదని ఒక యంత్రం ఎంతో మృదువుగా చెప్పింది. మైకు మళ్ళీ చేశాడు. అంతే మృదువుగా మళ్ళీ చెప్పింది.

తమ్ముడు మార్చి పదకొండు, మంగళవారం ఉదయం వెళ్ళాడు. తిరిగి రాలేదు. మాత్రలు మాత్రం ఈసారి సంచిలోనే ఉన్నాయి.