బూజుకర్రకు కట్టిన రికార్డర్

కాశీవిశ్వనాథానికి చెడ్డ అలవాట్లేవీ లేవు. ఉదయశ్రీ ఫిర్యాదు అదే. పేకాటో పొగాకో అయితే మాన్పించమని నలుగురు పెద్దవాళ్ళను కూర్చోబెట్టవచ్చు. ఆరా తియ్యడం మాన్పించమని ఎవర్ని కూర్చోబెడుతుంది? బ్యాంకులో ఆడిట్లు చేసి చేసి రిటైరైన మనిషి, ఇప్పుడు ఇంట్లోకి రాబోయే ప్రతి వస్తువునూ ఆడిట్ చేస్తున్నాడు. కిందటేడు మిక్సీ కాలిపోతే కొత్తది ఎంచడానికి ఆయనకు పట్టిన కాలంలో ఆమెకు రోలు అలవాటైపోయింది. వచ్చినవాళ్ళంతా రోటిపచ్చడి తిని, ఫిల్మ్‌నగర్‌లో ఉంటూ కూడా ఎంత సంప్రదాయమని మెచ్చుకుని వెళ్ళారు.

ఆ శనివారం పొద్దున వేసుకున్న పథకం మాత్రం చాలా చిన్నది. అందుబాటు ధరలో చేతిలో పట్టే రికార్డర్ ఒకటి కొనాలి. సాయంత్రం దాంతో శ్యామలాదేవి పాట రికార్డు చెయ్యాలి.

శ్యామలాదేవి ఆయన పిన్ని. శ్రీనగర్ కాలనీలో ఉంటుంది. వయసులో ఉన్నన్నాళ్ళూ సినిమా పాటల్లో కోరస్ పాడింది. హీరోయిన్ నీళ్ళబిందె ఎత్తుకున్నా, హీరో కొండెక్కినా వెనక 'ఆ' అన్నది ఈవిడే. అంత పాడినా ఆ గొంతు ఒంటరిగా ఎక్కడా వినబడదు. శనివారం సాయంత్రాలు కాశీవిశ్వనాథం ఇంటికొచ్చి, శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని, వాళ్ళమ్మ నేర్పిన మేలుకొలుపులూ అప్పగింతల పాటలూ పాడుతుంది. అవి ఇంకెవరికీ రావు. నేర్చుకుందామని ఉదయశ్రీ ప్రయత్నించింది గానీ, ఆమె నోట్లో అప్పగింతల పాట కూరగాయల బండివాడి కేకలా వచ్చింది. నెలాఖరుకి శ్యామలాదేవి విశాఖలో కూతురి దగ్గరికి మకాం మార్చేస్తోంది. ఆవిడతో పాటు పాటలూ రైలెక్కేస్తాయి.

"ఏవండీ, మీ పరిశోధన తేలేది చిన్నత్తయ్య రైలెక్కక ముందా, తర్వాతా?"

"తొందరపడితే ఎలా ఉదయా? కచేరీకి కొన్నవాళ్ళు ఒకటి బాగుందంటున్నారు, ఉపన్యాసాలకు కొన్నవాళ్ళు అదే దండగంటున్నారు."

"చిన్నత్తయ్య ఉపన్యాసమివ్వరు. పోనీ ఫోనులో చేస్తే?"

"ఫోను గొంతును నలిపేస్తుంది. నెట్‌లో పది మందీ రాశారు."

ఆ పది మందీ ఎవరో ఆమె అడగలేదు. మధ్యాహ్నానికి ఆయన వెళ్ళి అగ్గిపెట్టెకు అన్నలాంటి రికార్డర్ తెచ్చాడు. సాయంత్రం దాన్ని టీపాయ్ మీద పెట్టి, అందర్నీ హాల్లోంచి బయటికి పంపాడు. రికార్డింగప్పుడు గదిలో ఇంకో ప్రాణి ఊపిరి కూడా వినబడకూడదని ఆయన చదివాడు. రికార్డర్ మీది ఎర్రలైటు వెలిగించి, తానూ బయటికొచ్చి తలుపు మూశాడు.

తర్వాత విని చూస్తే, శ్రుతి వినబడింది. పక్క ఫ్లాటువాళ్ళ కుక్కరు విజిల్ కమ్మగా వినబడింది. శ్యామలాదేవి మాత్రం షేక్‌పేట ఫ్లైఓవరు మీంచి పాడుతున్నట్టుంది. అదైనా పూర్తిగా లేదు. చాలాసేపు ఏమీ ఉండదు, ఉన్నట్టుండి ఒక 'ఆ', మళ్ళీ ఏమీ ఉండదు.

"చూశావా, పాటను మింగేస్తోంది," అన్నాడు కాశీవిశ్వనాథం. లోపం దొరికినందుకు ఆయన మొహం వెలిగిపోయింది. "చవకదని నేను ముందే అన్నాను."

"బాగానే పాడారుగా చిన్నత్తయ్యా?"

"నా వంతు నేను పాడానమ్మాయ్," అంది శ్యామలాదేవి.

ఆ జవాబు ఉదయశ్రీకి కాస్త వింతగా తోచింది. అంతలో పాలు పొంగాయి, ఆమె వంటింట్లోకి పరిగెత్తింది.

మొదటిది వాపసు వెళ్ళి రెండోది వచ్చింది. ధర ఇంకాస్త ఎక్కువ, తల మీద బొద్దింక మీసాల్లాంటి రెండు మైకులు. మరుసటి శనివారం దీంతో ముందే పరీక్షగా తన దగ్గు రికార్డు చేసుకున్నాడు కాశీవిశ్వనాథం. దగ్గు దివ్యంగా వచ్చింది. పిన్ని పాట మాత్రం షేక్‌పేట దాటలేదు.

"అయితే లోపం గదిది," అని తేల్చాడు.

ఆదివారం పొద్దున్నుంచీ గదికి వైద్యం మొదలైంది. ప్రతిధ్వని రాకుండా గోడలకు బొంతలు, కిటికీలకు పరుపులు, సోఫా వెనక ఉదయశ్రీ పట్టుచీరలు వేలాడాయి. ఫ్రిజ్ ఆపేస్తే పెరుగు పులిసింది. ఫ్యాన్లు ఆపేస్తే మనుషులు పులిశారు. హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి, "సైలెన్స్, రెడీ," అని ఆయనే అరిచి, ఆయనే విని, పరుపు అటూ ఇటూ జరుపుకున్నాడు.

కిటికీల్లో పరుపులు, లోపలినుంచి "సైలెన్స్, రెడీ". ఇంకో పేటలో అయితే ఇంటాయనకు ఒంట్లో బాగాలేదనుకుంటారు. ఫిల్మ్‌నగర్‌లో ఒకటే అర్థం. సాయంత్రానికి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ తిరుమలేశ్ వచ్చాడు. షేక్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి. ఈ అపార్ట్‌మెంట్ లేచింది వాళ్ళ జొన్నచేను మీదే.

"సార్, ఏమనుకోకుండ్రి. షూటింగ్ పెట్టుకుంటే పెట్టుకోండ్రి, మాకేం ఫికర్ లేదు. గని అసోసియేషన్‌కు ఒక్క మాట జెప్పాలె గదా."

"షూటింగేంటండీ? మా పిన్ని పాట రికార్డు చేసుకుంటున్నాం."

"ఓ, ఇంక పాటల కాడనే ఉన్నరా?"

"అబ్బే, సినిమా పాట కాదండీ. మా అమ్మమ్మ పాట."

"టైటిల్ మంచిగుంది సార్," అన్నాడు తిరుమలేశ్.

ఆడిటరు కావడం వల్ల కాశీవిశ్వనాథం మొదటినుంచీ వివరించడం మొదలుపెట్టాడు. స్టీరియో, ప్రతిధ్వని, గాలి శబ్దం. ఎంత వివరించినా కథ గురించి ఒక్క ముక్క రాకపోయేసరికి, ఇది పెద్ద సినిమాయేనని తిరుమలేశ్‌కు నమ్మకం కుదిరింది. పోతూ పోతూ గుమ్మం దగ్గర గొంతు తగ్గించి అడిగాడు.

"హీరో ఎవరు మేడం?"

"ఇంకా ఎవర్నీ అనుకోలేదండీ," అంది ఉదయశ్రీ. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ వారమంతా ఆమెకు లిఫ్టులో మర్యాదలు పెరిగాయి. పై అంతస్తు మనోజ బొబ్బట్లు పంపి, తనకు ఏడుపు బాగా వస్తుందని కబురు చేసింది. వాచ్‌మన్ లక్ష్మయ్య మీసానికి రంగేశాడు. ఉదయశ్రీ కాదని ఎవరికీ చెప్పలేదు. ఎవరూ సూటిగా అడగలేదు కూడా.

కాశీవిశ్వనాథానికి ఇవేవీ తెలియవు. ఆయన ఇంకో కొత్త సంగతి చదివాడు. మైకు ఎదురుగా కాదు, పాడే మనిషి తల పైన ఉండాలట. దానికి అమ్మే కర్ర ధర విని గుండె పట్టుకుని, ఇంట్లో బూజుకర్ర తీశాడు. దాని కొసన రికార్డర్‌ను ఉదయశ్రీ జడ రబ్బర్లతో బిగించి, గాలి తగలకుండా తన మంకీ క్యాప్ తొడిగాడు. చివరి శనివారం పొద్దున బాల్కనీలో దాన్ని రెండు చేతులతో పైకెత్తి, వణక్కుండా నిలబడడం సాధన చేశాడు. ఎదుటి అపార్ట్‌మెంట్లో కర్టెన్లు ఒక్కొక్కటే పక్కకు జరిగాయి.

సాయంత్రం శ్యామలాదేవి వచ్చేసరికి హాలు నిండిపోయింది. తిరుమలేశ్ ఇస్త్రీ చొక్కాలో, నల్లకళ్ళద్దాల్లో ఉన్నాడు. మనోజ పట్టుచీర కట్టి జుట్టు విరబోసుకుంది. మిగతావాళ్ళు ఎవరికి తోచిన పౌడరు వాళ్ళు పూసుకున్నారు. "ఊకెనే, చూసి పోదామని," అన్నారందరూ.

"వీళ్ళని పంపెయ్ ఉదయా," కాశీవిశ్వనాథం కర్ర కింద పెట్టకుండానే గొణిగాడు. "ఇన్ని ఊపిరులు. రికార్డింగ్ ఏం కాను? పిన్నికి రేపే రైలు."

"ఎలా పంపనండీ? బొబ్బట్లు తిన్నాం."

ఆయన గత్యంతరం లేక ఎర్రలైటు వెలిగించి కర్ర ఎత్తాడు. తలుపు మూయకుండా చేసిన మొదటి రికార్డింగ్ అది. ఉదయశ్రీకీ లోపలుండి చూసే అవకాశం అదే మొదటిసారి. శ్రుతి మోగింది. శ్యామలాదేవి తలెత్తి మంకీ క్యాప్ సందులో ఎర్రలైటును చూసింది. చీర సర్దుకుంది. చేతులు వెనక్కి కట్టుకుని మెల్లగా వెనక్కి నడిచింది. కర్ర పట్టుకుని ఆయనా వెంటనడిచాడు. ఆవిడ ఇంకా వెనక్కి జరిగి, పరుపుకు వీపు ఆనాక ఆగి, సీలింగు వైపు చూస్తూ నిలబడింది. జనమంతా ఊపిరి బిగబట్టారు. చాలాసేపటికి, సన్నగా, "ఆ" అంది.

"కట్," అన్నాడు తిరుమలేశ్, ఎవరూ అనకపోయేసరికి.

ఉదయశ్రీ ఆవిడ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది.

"చిన్నత్తయ్యా, ఎందుకలా వెనక్కి వెళ్ళిపోతున్నారు?"

"ఎర్రలైటు వెలిగిందిగా."

"వెలిగితే?"

"మేం వెనక్కి జరగాలమ్మా. ముందు నిలబడి పాడేవాళ్ళ మీద మా గొంతు పడకూడదు. ఒకసారి మర్చిపోయి ముందుకొస్తే మ్యూజిక్ డైరెక్టరు నన్ను మెట్లమీద కూర్చోబెట్టాడు. పల్లవీ చరణం వాళ్ళవి. మధ్యలో మాది."

"ఇక్కడ ముందు పాడేవాళ్ళెవరున్నారు?"

"అవును సుమా. మూడు వారాల్నించీ నేను చూస్తోంది వాళ్ళకోసమే."

"ఈసారి జరక్కండి మరి."

"నేను జరగనమ్మాయ్, కాళ్ళు జరుగుతాయి. ముప్పయ్యేళ్ళ అలవాటు. లైటు కప్పేసినా, వెలిగిందని తెలుస్తుందిగా."

ఉదయశ్రీ వంటింటి గుమ్మంలోంచి హాల్లోకి తొంగి చూసింది. పౌడరు చెమటకు కరిగి కారుతున్నా అక్కడ ఒక్కరూ కదల్లేదు. ఏం చెయ్యమన్నా చేసేలా ఉన్నారు. ఆమె కొంగు నడుముకు దోపుకుని హాల్లోకి వచ్చింది.

"అందరూ ఇలా లేచి రండి. మీరంతా కోరస్."

"డైలాగ్ లేదా మేడం?" అన్నాడు తిరుమలేశ్.

"ఒక్కటే డైలాగు. 'ఆ' అనాలి. నేను చెయ్యెత్తితేనే అనాలి. మీ ముందు చిన్నత్తయ్యగారు నిలబడతారు. ఆవిడ వెనక్కి జరిగితే, మీరు మాత్రం జరక్కూడదు."

"మీద పడ్డా?"

"మీద పడ్డా."

పరుపుల ముందు వాళ్ళు వరసగా గోడ కట్టినట్టు నిలబడ్డారు. కాశీవిశ్వనాథం ఏదో అనబోయాడు గానీ, చేతుల్లో కర్ర ఉండడం వల్ల ఆయన మాటను ఎవరూ పట్టించుకోలేదు. ఎర్రలైటు వెలిగింది. శ్యామలాదేవి కాళ్ళు యథాప్రకారం వెనక్కి జరిగాయి. తిరుమలేశ్ భుజం తగిలింది. పక్కకు జరిగితే మనోజ జుట్టు తగిలింది. వెనక చోటు లేదు. ఆవిడ తిరిగి చూసింది. అంతమంది, చేతులు కట్టుకుని, ఆవిడ పాడడం కోసం ఆగి ఉన్నారు. వెనక నిలబడి ఎదురుచూసేవాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో ఆవిడ ఎన్నడూ చూడలేదు.

శ్యామలాదేవి ఒక అడుగు ముందుకు వేసి, పల్లవి ఎత్తుకుంది.

అప్పగింతల పాట అది. మొదటి చరణానికి మనోజ ఏడ్చేసింది, నిజంగానే. ఉదయశ్రీ చెయ్యెత్తిన చోటల్లా కోరస్ 'ఆ' అంది. తిరుమలేశ్ ప్రతిసారీ కాస్త ఆలస్యంగా అన్నాడు, కానీ అందరికంటే మనస్ఫూర్తిగా అన్నాడు. చీకటి పడేలోపు ఆవిడ తనకొచ్చిన పాటలన్నీ పాడేసింది. కాశీవిశ్వనాథం చేతులు ఎప్పుడో తిమ్మిరెక్కాయి గానీ కర్ర కిందికి దిగలేదు.

లైటు ఆపి, అందరి మధ్యా విన్నారు. గొంతు నిండుగా, దగ్గరగా, ఒళ్ళో కూర్చుని పాడుతున్నట్టు వచ్చింది.

"ఇది నేనేనా?" అంది శ్యామలాదేవి. మళ్ళీ వినిపించమంది. మళ్ళీ విని, "బాగానే పాడేదాన్నన్నమాట," అంది.

కాశీవిశ్వనాథం బూజుకర్రను గోడకు ఆనించి గొంతు సవరించుకున్నాడు. హాలంతా ఆయనవైపు తిరిగింది.

"తప్పు నాదే పిన్నీ. ఆ మొదటి రికార్డర్‌కీ లోపం లేదు, గదికీ లోపం లేదు. ఊళ్ళోవాళ్ళందర్నీ అడిగాను గానీ నిన్నొక్క మాట అడగలేదు. ఉదయా, వాకబు చెయ్యడం నాకు చాతకాదు."

పెళ్ళైన దగ్గర్నుంచీ ఉదయశ్రీ వినాలనుకున్న ఆ నాలుగు ముక్కలూ వచ్చేసరికి రికార్డర్ ఆపేసి ఉంది.