ఊరికి జపాను మందు

ఏసీ మోతలో నా గొంతు వినపడదు, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఊళ్లు ఖాళీ అయిపోతున్నాయని ఏడ్చేవాళ్లంతా ముందు కళ్లు తుడుచుకోండి. ఊరు ఖాళీ కావడమంత అదృష్టం ఇంకొకటి లేదు!

నా మాట కాదిది. మా అబ్బాయి దామోదర్ పనిచేసే కంపెనీలో ఒక జపాను ఇంజనీరున్నాడు. ఇక్కడ బహ్రెయిన్‌లో, మనామాలో మా ఫ్లాటుకు భోజనానికి వచ్చి, పచ్చిపులుసు జుర్రుకుంటూ ఫోటోలు చూపించాడు. వాళ్ల దగ్గరా పడుచువాళ్లు పట్నాలకు పోయారట. మిగిలిన రైతులు ఇళ్లనే హోటళ్లు చేశారట! పట్నంవాళ్లు వచ్చి చాపల మీద పడుకుంటారు, బురదలో దిగి నాట్లేస్తారు. కూలి అడగరు సరికదా, ఎదురు డబ్బిస్తారు!

ఇన్నేళ్లు నడుము విరిగేలా నాట్లేశాను. అది వినోదమని ఒక్కరైనా చెప్పారా నాకు?

దామోదర్‌కు పూనకం వచ్చేసింది. "అమ్మా, మనూర్ల గూడ పెడ్దామే! ఇండ్లన్ని ఖాళీగనే ఉన్నయ్ గద!"

ఉండవా మరి? మా ఊరి మగవాళ్లంతా ఇక్కడే సిత్రాలో కూలీల క్యాంపులో మంచం మీద మంచం వేసుకుని పడుకుంటున్నారు. ఎంత ముందుచూపు! అతిథులకు గదులు ముందే ఖాళీ చేసి వచ్చారు.

మా ఊళ్లో గంగరాజు పెంకుటిల్లు హోటలుకు ఖాయమైంది. వాళ్లావిడ ముత్యం జొన్నరొట్టెలు చేస్తుంది. కరెంటు పోతే చుక్కలు చూపిస్తాం. బర్రె తన్నితే అది పల్లె అనుభవం. పొద్దున్నే చెంబు పట్టుకుని చేనుగట్టుకు నడిస్తే అది ఎక్సర్‌సైజు!

శుక్రవారం గంగరాజే వచ్చాడు. దామోదర్ కంపెనీలోనే ట్యాంకులకు రంగులేసే మనిషి. ముత్యం ఉత్తరానికి బదులు మాటలు నింపి పంపిన క్యాసెట్టులో ఆమె మాటల వెనక వాన చప్పుడు వినిపించిందట.

"దామోదరన్నా, సెలవియ్యమని మేనేజర్‌కు ఒక్క మాట చెప్పరాదే! ముత్యం ఒక్కతి ఏం జేస్తది? నాటేసి మల్లొస్త."

"నీకెందుకు రంది? రేపటి సంది నీ పొలంల పట్నపోళ్లు నాటేస్తరు. పైసలిచ్చి మరీ!"

గంగరాజు నెత్తి గోక్కున్నాడు. "అన్నా, మరి నేనెంతిస్తే నన్ను నాటెయ్యనిస్తరు?"

హోటలు బోర్డుకు ఏ రంగు బాగుంటుందని దామోదర్ అతన్నే అడిగాడు.

అందుకే మా హోటలుకు తొలి అతిథిగా గంగరాజునే పంపాలంటాను నేను. అతనికి అలవాటే! కిందటి సెలవులో గడప దగ్గర కన్నకూతురే కాళ్లకు నీళ్లిచ్చి, "ఎన్నొద్దులుంటవ్?" అని అడిగింది. అంతకన్నా మర్యాద ఏ హోటల్లో దొరుకుతుంది?

బోర్డుకు ఏ రంగు వెయ్యాలా అని దామోదర్ ఇంకా ఆలోచిస్తున్నాడు. ఆఫీసులో మేనేజరు గది మాత్రం అతని గది పక్కనే. ఊళ్లో గంగరాజు నారు ముదిరిపోతోంది.

ఈ సంగతి మరిచిపోకుండా పదిమందికీ చెప్పండి. మా దామోదర్ ఎదురుపడితే తప్పక చెప్పండి. ఊరు బతకాలంటే ముందు ఊరివాణ్ణి ఇంటికి పంపాలని చెప్పండి. అమ్మ అన్నదని మాత్రం అనకండి, చెవిన పెట్టడు. జపానువాళ్ల మాట అనండి!