దూరానికి పెట్టిన లెన్సు

శుక్లాల ఆపరేషన్లు రెండూ అయ్యాక మదనపల్లె టమాటా యార్డుకు మొదటిసారి బయల్దేరిన ఆదినారాయణకు ఆ పొద్దున పెద్ద ఆశలేమీ లేవు. మంచి సరుకు ఒక లోడు కొనాలి, కుప్పంలో కృష్ణప్ప దుకాణానికి పంపాలి, ఇంటికొచ్చి దోసెలు తినాలి.

"దగ్గరికి అద్దాలు పెట్టుకోమని డాక్టరు చెప్పలేదా? పెట్టుకొని పోండి," అంది భార్య ప్రమీల.

డాక్టరు చెప్పిన మాట నిజమే. "ఈ లెన్సుతో ఒక దూరమే స్పష్టంగా కనిపిస్తుంది. దూరానికి పెడితే చేతిలోది చూడ్డానికి అద్దాలు కావాలి. రెండూ చూపించే రకం ఉంది గానీ, రాత్రిళ్లు దీపాల చుట్టూ వలయాలు కనిపించొచ్చు," అన్నాడు. వలయాలు వద్దని ఆదినారాయణ దూరానికే పెట్టించుకున్నాడు. అక్కడితో ఊరుకోకుండా, ఇక జన్మలో అద్దాలు ముట్టనని యార్డులో ప్రతివాడికీ ఫోన్ చేసి మరీ చెప్పాడు.

"ఇప్పుడు అద్దాలతో పోతే నా మొగం యాడ పెట్టుకునేది?" అంటూ వెళ్లిపోయాడు.

గేటు దగ్గర నిలబడి అటు చివరి లారీ నంబరు చదివేసరికి అతని ఛాతీ ఉప్పొంగింది. సోమల నుంచి సరుకు తెచ్చిన రైతు సిద్ధమ్మ బాక్సులోంచి ఒక కాయ తీసి చేతిలో పెట్టగానే ఆ పొంగు దిగిపోయింది. కాయ ఎర్రగా అలుక్కుపోయినట్టుంది. చెయ్యి చాచి చూశాడు. ఆ చెయ్యి పొడవు చాల్లేదు.

"అమ్మా, ఈ కాయ పట్టుకొని కొంచెం అట్ల పో."

"యాల?"

"పోమ్మా, ఇంకా."

సిద్ధమ్మ వెనక్కి నడిచి నడిచి పక్క మండీలో తేలింది. "నా కాయలేమన్నా కంపు కొడతాండాయా?" అని అక్కడి నుంచి అరిచింది.

"ఇప్పుడు బాగుండాది!" అన్నాడు ఆదినారాయణ.

ఇంత అనుభవమున్న వ్యాపారి ఊరికే అంటాడా? ఇదేదో కొత్త పద్ధతనుకుని మిగతావాళ్లూ రైతుల్ని వెనక్కి నడిపించారు. బాక్సులు తన్నుకుని ఇద్దరు పడ్డారు. ఆ సందట్లో ఆదినారాయణ నాలుగు మండీల్లో దూరం నుంచే సరుకు కొని కుప్పం పంపేశాడు.

మధ్యాహ్నం కృష్ణప్ప ఫోన్ చేశాడు. "ఏమప్పా, కాయకొక పురుగు బెజ్జం! పురుగులకు గూడా టికెట్ కొట్టి పంపినావా?"

ఆదినారాయణ పంపిన సరుకును కృష్ణప్ప ఏనాడూ బాక్సు తెరిచి చూసింది లేదు. సరుకు సంగతి సరే, ఆ నమ్మకం పోతుందేమోనని ఏడుపొచ్చినంత పనైంది. వెంటనే బస్సెక్కి, పుంగనూరులో దిగి, కుప్పం బస్సు పట్టుకున్నాడు. దారిలో గుట్ట మీది మేకల కొమ్ములు కనిపించాయి గానీ టికెట్టు మీద ఒక్క అక్షరం కనిపించలేదు.

దుకాణం ముందు గ్రానైట్ లారీ ఒకటి రొద పెడుతోంది. లోపల కూర్చున్న కృష్ణప్ప ఇతన్ని చూసి గొంతెత్తాడు. "ఎవురప్పా? కొత్త వ్యాపారివా? రా. మదనపల్లెలో ఆదినారాయణని ఒకడుండాడు. కండ్లు మార్పించుకున్నాడంట. బుద్ధి గూడా మార్పించుకోవల్ల."

ఎదురుగా నిలబడినా ఎరగనట్టు మాట్లాడుతున్నాడంటే ఎంత కోపమో అనుకున్నాడు ఆదినారాయణ. "దానికి ఆపరేషన్ లేదంటప్పా," అన్నాడు దిగాలుగా. "వాడు ఉత్త బడాయికోరు. చేతిలో కాయ కనపడకపోయినా అద్దాలు పెట్టుకోడు."

"నీకెట్ల తెలుసు?"

"నేనే గదప్పా వాడు!"

కృష్ణప్ప దిగ్గున లేచొచ్చి, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరగా చూసి నాలుక్కరుచుకున్నాడు.

"అయ్యో, నువ్వా! నేనూ పోయిన నెల ఆపరేషన్ చేయించుకున్నా. కాయలు సూసుకోవల్ల గదా అని దగ్గరికి పెట్టించుకున్నా. దూరానికి అద్దాలు పెట్టుకోమన్నారు. నేను పెట్టుకుంటానా?"

"ఇన్నేండ్లూ నమ్మకంతో బాక్సు తెరవనోడివి, ఈరోజు యాల తెరిచినావు?"

"నమ్మకమా? ముందు తెరిచినా నాకేం కనపడేది అప్పా!"

ఆదినారాయణకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాసేపటికి నవ్వే వచ్చింది.

ఇప్పుడు యార్డుకు ఇద్దరూ కలిసే వస్తున్నారు. రోడ్డు దాటించేది ఆదినారాయణ, కాయ చూసేది కృష్ణప్ప.