ఉదయం నుంచి లోపలే ఉన్న ముగ్గురు

ఉదయం ఏడున్నరకు లాడ్జి గదిలో మంచం మీద ఊరి మ్యాపు పరిచి, లిఫ్టుల ఇన్‌స్పెక్టరు ఆ రోజు కార్యక్రమం ప్రకటించాడు. ఒక్కరోజు పాసు, చూడాల్సినవి పదకొండు. ఏది ముందు, ఏది వెనక, ఎక్కడ బస్సెక్కాలి, ఎక్కడ మంచినీళ్లు తాగాలి, అన్నీ ఎర్ర పెన్సిలుతో గీసి ఉన్నాయి. నాలుగు రకాల పాసుల్ని నెల రోజులు పోల్చి చూసి ఎంచుకున్న పాసు అది. పెళ్లిచూపుల్లో తనను చూడ్డానికి ఆయన పది నిమిషాలు కూడా తీసుకోలేదని భార్య గుర్తుచేసింది.

"పదకొండూ మీరే చూసుకోండి. నాకు ఒక్కటి చాలు" అంది.

ఆ ఒక్కటీ బట్టల మ్యూజియంలోని కోటు. నూటపాతికేళ్ల నాటిది. ఎటు నుంచి చూసినా కుట్టు కనపడదని దానికి పేరు. ఆవిడ ఇరవై ఏళ్లుగా ఇంట్లో మిషన్ పెట్టుకుని వీధి వీధంతటికీ బట్టలు కుడుతోంది. ఆ కోటు ఫొటోను ఏదో పత్రికలోంచి కత్తిరించి మిషన్ ఎదురుగా గోడకు అంటించుకుంది. ఈ ప్రయాణానికి ఒప్పుకున్నదే దానికోసం. మర్నాడు మ్యూజియానికి సెలవు, వీళ్లకు పొద్దున్నే తిరుగు రైలు. చూస్తే ఈ రోజే చూడాలి.

"అది పక్కవీధేగా! చివర్లో చూద్దాం. దగ్గరున్నది ఎక్కడికి పోతుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దగ్గరున్నదే ముందు పోతుంది బాబూ. దూరంగా ఉన్నదాన్ని పోగొట్టుకోవాలంటే అక్కడిదాకా వెళ్లాలి కదా" అన్నారు వాళ్లతో వచ్చిన ఇన్‌స్పెక్టరు అత్తగారు, మోకాళ్లకు మందు రాసుకుంటూ.

ఇన్‌స్పెక్టరు వృత్తిలో ఒక నియమం ఉంది. ఏ లిఫ్టునైనా మనిషిని ఎక్కించే ముందు ఒకసారి ఖాళీగా నడిపి చూడాలి. ఆ నియమాన్ని ఆయన ఆఫీసులో వదిలి రాడు. కొత్త గొడుగు కొంటే ముందు స్నానాలగదిలో తడిపి చూశాకే వానలోకి తీసుకెళతాడు. అలాంటి మనిషి పాసుల్ని మాత్రం ఊరికే వదులుతాడా? ఆడవాళ్లు తయారయ్యేలోగా ముగ్గురి పాసు కార్డులూ జేబులో వేసుకుని పక్కవీధికి నడిచాడు. తొమ్మిదికి మ్యూజియం అప్పుడే తెరిచారు. కాపలాదారు అటు తిరిగి అద్దం తుడుస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు గేటు మిషనుకు మొదటి కార్డు చూపించాడు. పచ్చ లైటు వెలిగి, గేటు తెరుచుకుని, మళ్లీ మూసుకుంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. లోపల కాలు కూడా పెట్టకుండా, భేషుగ్గా ఉన్నాయనుకుని వెనక్కి వచ్చేశాడు.

తర్వాతి మజిలీ గడియార స్తంభం. అక్కడా ముందు అత్తగారి కార్డు ఖాళీగా నడిపి చూశాడు. పచ్చ లైటు. సరే రండని ఆవిడను పిలిచి మళ్లీ పెడితే ఎర్ర లైటు వెలిగింది.

"ఏంటండీ మీరు చేసేది?" అంది కౌంటరులో అమ్మాయి. "ఒక్కోచోటికి ఒక్కసారే. గేటు తెరుచుకుంటే లోపలికి వెళ్లినట్టే లెక్క. నా కళ్లెదురుగా జరిగింది కాబట్టి ఈసారికి పంపిస్తున్నా."

పొద్దున మ్యూజియం గేటు మూడుసార్లు తెరుచుకోవడం ఇన్‌స్పెక్టరుకు గుర్తొచ్చింది. భార్య, అత్తగారు మెట్లెక్కాక గొంతు తగ్గించి, "బట్టల మ్యూజియానికి విడిగా టికెట్లు దొరుకుతాయామ్మా?" అని అడిగాడు.

ఆ అమ్మాయి కంప్యూటరు చూసింది. "ఈరోజువి అయిపోయాయండీ. రేపు సెలవు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల? కానీ కడుక్కోవాలంటే ముందు తొక్కానని ఒప్పుకోవాలి. పెళ్లాం ముందు అది ఇన్‌స్పెక్టరు వల్ల కాలేదు. మ్యూజియం ఆరింటికి మూసేస్తారు. అప్పటిదాకా తిప్పితే తప్పు గడియారం మీదికి పోతుందని లెక్క వేశాడు. నిండా మునిగినవాడికి చలేమిటని, జాబితాలో లేని చోట్లు కూడా కలిపేశాడు.

"ఏమండీ, నాలుగైంది. ఇక కోటు చూద్దామా?"

"ఈ తంతి తపాలా మ్యూజియం ఒక్కటీ చూసేసి వెళదాం."

"ఏమండీ, ఐదైంది."

"ఊరి కింద పాత మురుగు సొరంగం ఉందిట. మళ్లీ మళ్లీ చూస్తామా?"

"కాళ్లకు బలపం కట్టుకు పుట్టాడే నీ మొగుడు" అన్నారు అత్తగారు, సొరంగంలో ముక్కు మూసుకుని.

ఐదున్నరకు ఆయన ఫోను మోగింది. తెలియని నంబరు, కట్ చేశాడు. మళ్లీ మోగింది. ఎత్తి, ఆడగొంతు "మ్యూజియం నుంచి" అనగానే కట్ చేశాడు. మూడోసారి అత్తగారు కూతుర్ని మోచేత్తో పొడిచారు.

"అమ్మాయ్, ఫోను మోగితే చాలు, మీ ఆయన తేలు కుట్టిన దొంగలా ఐపోతున్నాడు. ఎవరో ఆవిడ!"

భార్య ఫోను లాక్కుని స్పీకరు పెట్టింది.

"కట్ చెయ్యకండి! బట్టల మ్యూజియం నుంచి మాట్లాడుతున్నాను. పాసులు కొన్నప్పుడు మీరిచ్చిన నంబరు ఇదే. మీ ముగ్గురూ పొద్దున తొమ్మిదికి లోపలికి వెళ్లారు, ఇంకా బయటికి రాలేదు. ఆరింటికి మూసేయాలి. ఎక్కడున్నారు?"

"మురుగు కాలవ దగ్గరండీ" అంది భార్య.

"మా దగ్గర మురుగు కాలవ లేదే! ఏ అంతస్తు?"

ఇక దాచడానికేమీ మిగల్లేదు. ఇన్‌స్పెక్టరు ఆ సొరంగంలోనే నిలబడి మొత్తం చెప్పేశాడు. భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టినా ఆయనకు అంత బాధ అనిపించేది కాదు.

ఆరుంపావుకు మ్యూజియం చేరేసరికి పర్యవేక్షకురాలు గుమ్మంలోనే ఉంది. కాపలాదార్లు టార్చిలైట్లతో బొమ్మల వెనకా, తెరల కిందా వెతికి వెతికి చెమటలు కక్కుతున్నారు.

"మిషను లెక్కలో సున్నా వస్తేనే తలుపులకు తాళం పడుతుంది. మీరు ముగ్గురూ ఇంకా లోపలే ఉన్నారు" అంది ఆవిడ. "ఆ కార్డులు ఇటివ్వండి. బయటి గేటుకు నేనే చూపించి వస్తా."

ఇన్‌స్పెక్టరు కార్డులు గుండెకు హత్తుకున్నాడు. రోజంతా పోయిన ధైర్యం ఒక్కసారిగా తిరిగొచ్చింది.

"మనిషి లేకుండా గేటు నడిపినందుకేగా ఇంత గొడవ? మళ్లీ అదే పని మీరు చేస్తానంటారా? నేను ఒప్పుకోను. మనుషులే బయటికి రావాలి."

"బయటికి రావాలంటే ముందు లోపల ఉండాలి కదండీ!"

"అదే నేనూ అంటున్నది."

పర్యవేక్షకురాలు సిబ్బంది వచ్చిపోయే తలుపు తీసి వాళ్లను లోపలికి తీసుకెళ్లింది. బయటి గేటు చివరి గది అవతల ఉంది. అక్కడికి వెళ్లాలంటే అన్ని గదులూ దాటాలి.

నాలుగో గదిలో, అద్దాల పెట్టెలో, ఆ కోటు. చుట్టూ జనం లేరు, తోపులాట లేదు. భార్య కళ్లజోడు పెట్టుకుని, ముక్కు అద్దానికి ఆనించి, చుట్టూ తిరగడం మొదలెట్టింది.

"ఇక పదండమ్మా, ఆలస్యమైంది" అంది పర్యవేక్షకురాలు.

"తొమ్మిదింటి నుంచి లోపలే ఉన్నదాన్ని. ఇంకో పావుగంట ఉంటే ఏమౌతుందండీ?"

పావుగంట అయ్యాక కాలరు మడత దగ్గర ఆవిడ ఆగిపోయింది. చేయి గుండె మీద వేసుకుని, "దొరికింది" అని గొణిగింది. లోపలి అంచులో, ఒకే వరస, వెంట్రుకంత సన్నం. ఇరవై ఏళ్లుగా గోడమీది ఫొటోలో వెతికిన కుట్టు అది. ఆవిడ ముఖంలో అంత సంతోషం ఇన్‌స్పెక్టరు పెళ్లిరోజున కూడా చూడలేదు. ఆ సంగతి పైకే అన్నాడు. ఆవిడ నవ్వింది.

బయటి గేటు మూడుసార్లు పచ్చగా వెలిగింది. లెక్క సున్నాకు వచ్చింది. పర్యవేక్షకురాలు రిజిస్టరు తెరిచి, "తొమ్మిదిన్నర గంటల పైనే! మా మ్యూజియంలో ఇంతసేపు ఎవరూ ఉండలేదు. కారణం రాసి సంతకం పెట్టండి" అంది.

ఇన్‌స్పెక్టరు కలం పట్టుకుని దిక్కులు చూశాడు. భార్య కలం అందుకుని, గుండ్రటి అక్షరాలతో రాసింది: "మా ఆయన చాలా జాగ్రత్త మనిషి."