క్రూజర్ సైకిలు ఎంపిక కమిటీ

మనిషి పెళ్లి చేసుకోవడానికి ఇద్దరు సాక్షులుంటే చాలు గాని, సైకిలు కొనుక్కోవడానికి మాత్రం కమిటీ కావాలి. ఈ సత్యాన్ని అనకాపల్లిలో మొదట కనిపెట్టినవాడు వరప్రసాదరావు. (రెండోవాడు ఇంతవరకు బయలుదేరలేదు.)

వరప్రసాదరావు జిల్లా నమూనాల పరిశీలన కార్యాలయంలో సూపరింటెండెంటు. మిగతా ఆఫీసులు బకెట్టు కొన్నా, బల్ల కొన్నా ముందు ఒక నమూనాని ఈ కార్యాలయానికి పంపాలి. ఆయన దాన్ని తిరగేసి, బోర్లించి, వేలితో తట్టి చూసి, "ఇంకను పరిశీలించవలసి ఉన్నది" అని రాస్తాడు. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆయన చేతిమీదుగా ఆమోదం పొందిన వస్తువులు పదకొండు. అందులో ఒక గొడుగు ఆయన సెలవులో ఉన్నప్పుడు ఆమోదం పొందింది.

అలాంటి మనిషికి ఒకరోజు సొంతంగా నిర్ణయం తీసుకోవలసిన అవసరం వచ్చిపడింది.

ఆయన భార్య లూర్దు మేరీ కశింకోటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. పన్నెండేళ్లుగా ప్రతి ఉదయం ఆవిడ స్కూటరు తీస్తుంది, ఆయన వెనక కూర్చుంటాడు. ఆయన్ని నెహ్రూ చౌక్ దగ్గర దించేసి ఆవిడ శారదా నది వంతెన మీదుగా స్కూలుకి పోతుంది. ఆయనకి లైసెన్సు లేదు. రెండుసార్లు పరీక్షకి వెళ్లాడు. ఎనిమిది అంకె ఆకారంలో గీసిన దారిలో కాలు కింద పెట్టకుండా బండి నడపమన్నారు. మొదటిసారి ఆరు వేశాడు. రెండోసారి సున్నా వేసి, గేటు దొరకగానే బయటికి వచ్చేశాడు. (మూడోసారి ఏ అంకె వేస్తాడో చూడాలని ఇన్‌స్పెక్టరుకి ఆసక్తిగానే ఉండేది గాని, ఈయన మళ్లీ వెళ్లలేదు.)

ఇలా ఉండగా లూర్దు మేరీ కుడి భుజం బిగుసుకుపోయింది. మూడు నెలలు స్కూటరు ముట్టుకోవద్దని, చెయ్యి పైకెత్తవద్దని డాక్టరు చెప్పాడు. షేర్ ఆటోలో జారిపోకుండా ఉండాలంటే చెయ్యి పైకెత్తి కమ్మీ పట్టుకోవడం ఒక్కటే మార్గమని డాక్టరుకి తెలీదు. ఆయనకి కారుంది.

మొదటిరోజు ఆటోలో వెళ్లి వచ్చిన లూర్దు మేరీ చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూర్చుండిపోయింది. కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని, ఇంకెవరిదో చెయ్యి దొరికితే అప్పగించడానికి తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుంది. అది చూసి వరప్రసాదరావు మనసు నిజంగానే కదిలింది.

"రేపట్నుంచి నేను తీసుకెళ్తాను మేరీ," అన్నాడు.

"దేనిమీద?"

"ఏదో ఒకటి ఏర్పాటు చేత్తాను. ఒక వారం ఓపిక పట్టు."

"వారం అంటే మన వారమా, మీ ఆఫీసు వారమా?" అని అడిగింది ఆవిడ.

ఆయన ఆ సాయంత్రమే ఎర్రయ్య సైకిలు షాపుకి వెళ్లాడు. ఎర్రయ్య నలభై ఏళ్లుగా చక్రాలు సరిచేస్తున్న మనిషి. సంగతంతా విని, గోడకి ఆనించిన ఒక ఎర్ర సైకిలుని ఇవతలికి లాగాడు. దాని హేండిలు ఆంబోతు కొమ్ముల్లా వెనక్కి తిరిగి ఉంది. సీటు పీటంత వెడల్పు. టైర్లు బలిసి ఉన్నాయి.

"క్రూజర్ అంటారు సార్ దీన్ని. వొంగోకుండా నిటారుగా కూకుని పోవచ్చు. సవకే. రెండేళ్ల నుంచి పడుంది, ఆ కొమ్ములు సూసి ఎవుడూ కొనట్లేదు. ఇనుప ఫ్రేము. మోటారు ఎడితే ఒంగదు. సిన్న మోటారు, పాతిక స్పీడు దాటదు, లైసెన్సు అక్కర్లేదు. ఎనకాల కేరియర్ ఉంది, మేడం గారు కూకోవచ్చు. నాలుగు రోజుల్లో సేసిచ్చేత్తాను."

అవసరం, వస్తువు, చేసే మనిషి మూడూ ఒకేచోట, ఒకే సాయంత్రం దొరకడం వరప్రసాదరావుకి అనుమానంగా తోచింది. ఆయన సర్వీసులో అలాంటిది ఎప్పుడూ జరగలేదు.

"పోల్చి చూడకుండా ఎలా కొంటాం ఎర్రయ్యా?"

"దేంతోటి పోలుత్తారు సార్? ఉన్నది ఒకటే."

"అదే ఇబ్బంది," అన్నాడు వరప్రసాదరావు.

ఆ రాత్రి భోజనాలయ్యాక క్రూజర్ సైకిలు ఎంపిక కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు వరప్రసాదరావు. కార్యదర్శి, సాంకేతిక సభ్యుడు, అసమ్మతి తెలిపే సభ్యుడు కూడా ఆయనే. (అసమ్మతి లేని కమిటీ తీర్మానాలు ఆయన లెక్కలో చెల్లవు.) వాడకందారుల తరఫు సభ్యురాలిగా లూర్దు మేరీని నియమించారు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నందువల్ల ఆవిడ హాజరు కాలేదు.

కమిటీ ముందుగా ఫోను తెరిచింది. ఒక యాప్‌లో నలభై మూడు క్రూజర్లు కనిపించాయి. వాటికింద కొన్నవాళ్ల అభిప్రాయాలున్నాయి. నాతవరం నుంచి ఒకాయన అయిదు నక్షత్రాలిచ్చి, "చాలా బాగుంది, ఇంకా డబ్బా విప్పలేదు" అని రాశాడు. మునగపాక నుంచి ఇంకొకాయన ఒక్క నక్షత్రమే ఇచ్చి, "సైకిలు మంచిదే, మా బావ పట్టుకుపోయేడు" అని రాశాడు. వరప్రసాదరావు రెండూ కలిపి సగటు తీసి, మూడు అని నమోదు చేశాడు.

యాప్‌లో సహాయం చెయ్యడానికి హాసిని అనే పేరుతో ఒక చాట్ డబ్బా ఉంది. "అమ్మా, మోటారు బిగించాలి. వెనక నా భార్యని కూర్చోబెట్టుకోవాలి. ఏది మంచిది?" అని ఆయన మర్యాదగా రాశాడు.

"మీ ప్రశ్న మాకెంతో ముఖ్యం. మీరు భార్య కోసం చూస్తున్నారా?" అంది హాసిని.

ఆయన 'కాదు' నొక్కాడు. మీకు సహాయపడినందుకు సంతోషం అని చెప్పి హాసిని మూసుకుపోయింది.

"ఎవరండీ ఆ హాసిని?" అంది లూర్దు మేరీ, పేపర్లలోంచి తలెత్తకుండా.

"మనిషి కాదు. అడిగినదానికి సంబంధం లేకుండా జవాబులిచ్చే ఏర్పాటు."

"మీ ఆఫీసు వాళ్లేనా?"

అయిదు వారాలు గడిచాయి. రోజూ పొద్దున్నే లూర్దు మేరీ వీధి చివర ఆటో ఎక్కుతోంది, రోజూ సాయంత్రం గుమ్మంలో కాసేపు కూర్చుని లోపలికి వస్తోంది. ఆ గుమ్మం పక్కనే కుర్చీ వేసుకుని వరప్రసాదరావు ఇనుముకీ అల్యూమినియానికీ గల తేడాల మీద వీడియోలు చూస్తున్నాడు. తను చేస్తున్నది జాప్యమని ఆయనకి తెలుసు. తెలిసి కూడా చెయ్యగలగడమే అనుభవం.

ఆరో వారంలో కమిటీ నలభై మూడింటినీ తిరస్కరించింది. ఒకదానికి ఫ్రేము పల్చన, ఇంకొకదానికి వెనక చక్రం దగ్గర మోటారు పట్టే సందు లేదు. మరొకటి అన్నివిధాలా సరిపోయింది గాని, అనకాపల్లికి పంపరట. చివరికి అన్ని అర్హతలూ ఉన్న సైకిలు ఒక్కటే తేలింది. అది ఎర్రయ్య షాపులో గోడకి ఆనించి ఉంది.

"నేను అప్పుడే సెప్పేను కద సార్," అన్నాడు ఎర్రయ్య.

"నువ్వు చెప్పేవు. ఇప్పుడు రుజువైంది," అన్నాడు వరప్రసాదరావు.

సైకిలు దొరికింది కాబట్టి దాన్ని తమకి తగ్గట్టు మార్పించుకునే దశ మొదలైంది. సీటు పరీక్షకి ఆయన మూడు సాయంత్రాలు కేటాయించి, షాపు బయట స్టాండు వేసిన సైకిలు మీద ఇరవయ్యేసి నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. దారినపోయేవాళ్లు ఆయన ఎవరికోసమో కాపలా ఉన్నాడనుకున్నారు. హేండిలు కొమ్ములు రెండంగుళాలు కోయించి, బాగాలేదని మళ్లీ అతికించమన్నాడు. రంగు విషయంలో ప్రజాభిప్రాయం సేకరించాడు.

"మేరీ, బెల్లం రంగు వేయిద్దామా, మీగడ రంగా?"

ఆవిడ వేడినీళ్ల సంచీ భుజానికి అదిమిపెట్టుకుని పడుకుని ఉంది. "ఏదైనా పర్వాలేదండీ," అంది.

"అభిప్రాయంలో స్పష్టత లేదు," అని రాసుకున్నాడు. తరవాతి వారం అయిదు గంటలు ఇంటికి తెచ్చి ఒక్కొక్కటే మోగించాడు.

"ఏది బాగుంది?"

"మూడోది."

"మరి అయిదోది బాగుందనలేదేం? నీ మాట ఎంతవరకు నమ్మొచ్చో చూద్దామని మూడోదాన్నే మళ్లీ కొట్టేను."

లూర్దు మేరీ అటు తిరిగి పడుకుంది.

పదకొండో వారంలో మోటారు వచ్చింది. ఎర్రయ్య వెనక చక్రానికి అటూ ఇటూ ఉన్న ఫ్రేము కడ్డీల్ని కొద్దిగా వెడల్పు చేసి మోటారు చక్రాన్ని అందులో కూర్చోబెట్టాడు. ఇనుము కావడంవల్ల అది విరగకుండా సాగింది. చిక్కల్లా బేటరీ దగ్గర వచ్చింది.

"ఫ్రేము వొంపులు తిరిగిపోయుంది సార్, మద్దిన పట్టదు. కేరియర్ మీద బిగించెయ్యాలి," అన్నాడు ఎర్రయ్య.

వరప్రసాదరావు బేటరీ పెట్టెని అటూ ఇటూ ఊపి చూశాడు, వేలితో తట్టాడు, కప్పుతో నీళ్లు పోసి తడుస్తుందేమో చూశాడు. "దృఢంగా ఉన్నది" అని పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు.

ఎర్రయ్య పానా పట్టుకుని కాసేపు ఆగాడు. "మరి..."

"మరి ఏటి?"

"ఏం లేదు సార్. అన్నీ రాసుకున్న మనిషి, మీకు తెలవదేటి." నాలుగు బోల్టులూ బిగించేశాడు.

సైకిలు దేనికోసమన్న సంగతి ఆయన బుర్రలోంచి ఏ వారంలో జారిపోయిందో తెలీదు. ఆఫీసులో బకెట్లు పరిశీలించేటప్పుడు కూడా నీళ్ల ప్రస్తావన ఎప్పుడూ వచ్చేది కాదు.

ఆదివారం పూజ అయ్యాక చర్చి ఆవరణలో ఫాదర్ గారు సైకిలు మీద పవిత్ర జలం చల్లారు. (పెట్టె తడవదని రాతపూర్వకంగా తేలినా, వరప్రసాదరావు చెయ్యి అడ్డం పెట్టాడు.) సోమవారం పొద్దున ఆయన బూట్లు వేసుకుని, బెల్లం రంగు సైకిలుని వీధిలోకి దింపి, అద్దం సరిచేసుకుంటూ నిలబడ్డాడు. లూర్దు మేరీ గంజిపెట్టిన చీర కట్టుకుని, బేగు ఎడం భుజానికి తగిలించుకుని వచ్చింది. పన్నెండు వారాల్లో ఆవిడ మొహం అంత తేటగా ఉండటం అదే మొదలు. సైకిలు చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక ఆగింది.

"నేనెక్కడ కూకోవాలండీ?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. కేరియర్ మీద నల్లటి పెట్టె ఉంది. ఆ స్థలం తనదేనన్నట్టు చిన్న ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది.

ఆవిడ నవ్వితే బాగుండుననుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆవిడ ఏదీ చెయ్యలేదు. "ఆటో వెళ్లిపోతాదండీ," అని వీధి చివరికి నడిచింది.

ఏం చెయ్యాలో తోచక ఆయన మోటారు వేసి ఆటో వెనకే వెళ్లాడు. వంతెన మీదికి వచ్చేసరికి ఆటో వెనక నుంచి ఆవిడ చెయ్యి కనిపించింది. కుడిచెయ్యి ఎత్తకూడదు గనక, ఎడంచేతిని మెడ మీదుగా అటువేపు తిప్పి కమ్మీ పట్టుకుంది. ఆయన హేండిలు ఎంత తిప్పినా మోటారు పాతిక దాటలేదు. ఆటో దాటింది.

చెరుకు ట్రాక్టరు మీద పోతున్న ఒకాయన పక్కన వేగం తగ్గించాడు. "బండి బాగుంది మామా. ఎంతమంది కూకోవచ్చు?"

"ఒక్కరు."

"మరి ఆ కేరియర్ ఏటికి?"

వరప్రసాదరావు సైకిలు ఆపి, ట్రాక్టరు పోయేదాకా అద్దం తుడిచాడు.

ఆ రోజు ఆఫీసులో ఆయన ఒక్క కాగితం ముట్టుకోలేదు. ఇలాంటి నమూనా ఎవరైనా పంపి ఉంటే పన్నెండో వస్తువుగా తానే ఆమోదించి ఉండేవాడినన్న ఆలోచన ఆయన్ని వదల్లేదు. సాయంత్రం ఎర్రయ్య దగ్గర పానా తీసుకుని ఇంటికి వచ్చి, వరండాలో గొంతుక్కూర్చుని బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. మూడు వచ్చాయి. నాలుగోది వేలి తోలు తీసుకుని గాని రాలేదు. లూర్దు మేరీ ఆలస్యంగా వచ్చి, ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్లింది. ఆయన పెట్టెని మంచం కిందికి తోసి, పాత బొంత మడతపెట్టి కేరియర్‌కి తాడుతో కట్టాడు. పుస్తకంలో ఏమీ రాయలేదు.

పన్నెండు వారాల కృషి ఫలితంగా ఆయన చేతిలో ఇప్పుడు ఎర్రయ్య షాపులో మొదటిరోజు చూసిన సైకిలే ఉంది. మోటారు బరువు అదనం.

మంగళవారం పొద్దున లూర్దు మేరీ బొంతని చూసింది, ఆయన వేలికి కట్టుకున్న గుడ్డని చూసింది, కేరియర్ మీద పక్కకి తిరిగి కూర్చుంది. ఆయన తొక్కాడు. పనిచెయ్యని మోటారు చక్రం మూలుగుతూ తిరిగింది. ఆటోలు హారన్ కొట్టి దాటిపోయాయి, పాలవాడు దాటిపోయాడు. వంతెన ఎక్కుడు దగ్గర ఆయన సీటు మీంచి లేచి నిలబడి తొక్కాడు. ఆ సీటు కోసం మూడు సాయంత్రాలు పెట్టాడు.

వంతెన మధ్యకి వచ్చాక ఆవిడ అంది: "నిన్న స్కూలు నుంచి వత్తా డాక్టరు గారిని చూసొచ్చేను. భుజం బాగుపడింది, స్కూటరు నడుపుకోవచ్చన్నారు."

ఆయన తొక్కుతూనే ఊపిరి అందుకున్నాడు. "మరి రాత్రే చెప్పలేదేం?"

"మీరడగలేదు కదండీ."

ఆవిడ గొంతులో కోపం లేదు. లెక్క ఎక్కడ తప్పిందో పిల్లలకి చూపించేటప్పటి గొంతు అది. "రంగెలాగుందని అడిగేరు. గంటెలాగుందని అడిగేరు. భుజం ఎలాగుందని ఈ మూడు నెలల్లో ఒక్కసారడిగేరేటి?"

కింద నదిలో ఇసుక మధ్య సన్నగా నీళ్లు పారుతున్నాయి. ఆయన వాటిని చూస్తూ చాలాసేపు తొక్కాడు.

"ఇప్పుడెలాగుంది?" అన్నాడు చివరికి.

"బాగుంది. మీరు తొక్కండి."

ఆయన తొక్కాడు. స్కూటరు ఇంట్లోనే ఉంది, కశింకోట ఇంకా మూడు కిలోమీటర్లుంది.