జారిపడిన బావగారు

ఆ శనివారం పదింటికల్లా ఒకే ఒక్క మాట సంగతి తేల్చేసి, తీరిగ్గా పేపరు చదువుకోవాలని నిఘంటువుగారు అనుకున్నారు. ముప్పై ఏళ్ళుగా మాటలకు అర్థాలు రాసే ఉద్యోగం కావడంతో చుట్టాలు ఆయన అసలు పేరు ఎప్పుడో మరిచిపోయారు. ఆ రోజు వంతు 'భ్రష్టుడు'ది. అర్థం రాశారు: నీతి తప్పినవాడు. పుట్టుక రాశారు: 'భ్రంశం', అంటే జారిపోవడం. ప్రయోగం, అంటే ఉదాహరణ వాక్యం, దగ్గర కలం ఆగింది. నోటికొచ్చిన వాక్యం రాసేసి స్నానానికి వెళ్ళారు: "మా బావగారు భ్రష్టుడు."

తల తుడుచుకుంటూ వచ్చేసరికి భార్య ఆ కాగితం పట్టుకుని నిలబడి ఉంది.

"మా అన్నయ్య మిమ్మల్నేం చేశాడండీ?"

"మీ అన్నయ్య కాదే! ఊరికే, ఉదాహరణకి."

"మీకున్నదే ఒక్క బావగారు!"

కొంప మునిగేలా ఉందని ఆయన మాట పుట్టుకను ఆశ్రయించారు. "అది తిట్టు కాదే. అసలు అర్థం జారిపడ్డవాడని. అంతే!"

"జారిపడ్డాడా? నాకు చెప్పకుండా కాగితాల మీద రాసుకుంటున్నారా?"

ఆయన చొక్కా తొడుక్కునేలోపే ఫోను వెళ్ళిపోయింది. "వదినా, అన్నయ్య జారిపడ్డాట్ట! ఈయన దాచిపెట్టారు!"

"అయ్యో! ఆఫీసుకి వెళ్ళేటప్పుడు బాగానే ఉన్నారే. మెట్లమీదా?"

"మెట్లా?"

"మెట్లేనట!" అని వదిన పక్కింటికి అరిచింది. వీధి చివరికి చేరేసరికి ఆ మెట్లు కాస్తా మూడో అంతస్తు అయ్యాయి. ఎవరో అంబులెన్సు పిలిచారు.

అందరూ ఆఫీసుకు పరిగెత్తితే తలుపుకు తాళం వేసి ఉంది.

"శనివారం ఆఫీసేంటమ్మా?" అన్నాడు వాచ్‌మన్. "రెండేళ్ళ నుంచి శనివారాలు సెలవేగా! సారైతే కింద కార్ల దగ్గరున్నారు."

అంబులెన్సు వాళ్ళు స్ట్రెచరుతో కిందికి పరిగెత్తారు. బావగారు కారు సీటు వెనక్కి వాల్చి, తల కింద దిండు, కళ్ళ మీద రుమాలుతో కదలకుండా పడి ఉన్నారు. స్ట్రెచరెక్కించి బెల్టు బిగించేదాకా ఆయనకు మెలకువ రాలేదు. కళ్ళు తెరిస్తే చుట్టూ భార్య, చెల్లెలు, నిఘంటువుగారు, సగం వీధి. బండారం బయటపడిందనుకున్నారు.

"తప్పయిపోయిందే! ఇంట్లో ఉంటే బీరువాలు సర్దమంటావని ఇక్కడికొచ్చి పడుకుంటున్నా."

వదిన ఏడుపు ఆగిపోయింది. "అయితే దెబ్బలేం తగల్లేదా?"

"లేదే."

"అంబులెన్సు పంపెయ్యకండి బాబూ. ఇప్పుడు తగులుతాయి."

బావగారు స్ట్రెచరు మీంచే నిఘంటువుగారి వైపు తల తిప్పారు. "ఎలా కనిపెట్టారు బావా? నా గుట్టు రట్టు చేశారు కదా!"

"ఈయనకన్నీ తెలుసన్నయ్యా," అంది చెల్లెలు కొరకొరా చూస్తూ. "రాసి కూడా పెట్టుకున్నారు."

సోమవారం ప్రధాన సంపాదకురాలు ఆ కాగితం తిరగ్గొట్టింది. "ప్రయోగాలు కల్పితంగా ఉండాలండీ. మీ బావగారి సంగతి ఊరంతా తెలుసు. మార్చండి."

నిఘంటువుగారు నిట్టూర్చి, "నేను భ్రష్టుణ్ణి" అని మార్చారు. 'నేను' అంటే ఎవరైనా కావచ్చని ఆవిడ ఒప్పుకుంది. సాయంత్రం ఆ వాక్యాన్ని ముందు జాగ్రత్తగా భార్యకూ చూపించారు.

ఈసారి ఆవిడ అర్థం అడగలేదు. "ఇది మాత్రం నిజం," అంది.